కరియమ్మ దుంగల వంతెన

జిల్లేళ్లకోన అడవిలో దుప్పులు, కుందేళ్లు, ఏదుపందులు, ఎలుగుబంట్లు కలిసిమెలిసి బతికేవి. ఆ కోనకు ఒకటే బెడద, వాగు. వానాకాలం వచ్చిందంటే పల్లపు గట్టంతా మునిగిపోయేది. ఆలోగా అవతలి మిట్టకు చేరకపోతే ప్రాణాలు దక్కేవి కావు.

"ఈ ఏడు వంతెన కట్టుకుందాం," అనుకున్నాయి అన్నీ.

కరియమ్మ అనే ఎలుగుబంటి లేచి నిలబడింది. దాని బలమంటే అడవికంతా హడలే. వీపు మీద కూన ఎప్పుడూ అంటిపెట్టుకునే ఉండేది. ఎలుగు తల్లులు పిల్లల్ని అలాగే మోస్తాయి కదా!

"దుంగలు నేను తెస్తాను. రేపే మొదలు," అంది.

ముసలి ఏదుపంది అడ్డుపడింది. "ఆగు తల్లీ. ఎవరెవరు నడుస్తారు, ఎవరి అడుగు ఎంత, నీళ్లు ఎంత ఎత్తు వస్తాయి, అన్నీ అడిగి ముందు ఈ బండ మీద రాసుకుందాం."

"అబ్బ, మొదలెట్టావా తాతా! నువ్వు గీతలు గీసుకుంటూ కూర్చో. నేను ఈలోపు కట్టేసి చూపిస్తా!"

పాపం, తనకు సరిపోతే అందరికీ సరిపోతుందనుకుంది. దుంగకూ దుంగకూ మధ్య తన అడుగంత ఎడం వదిలి చకచకా కట్టేసింది. కూనను వీపున వేసుకుని అటూ ఇటూ నడిచి చూసుకుంది. ఎక్కడా కాలు జారలేదు. ఇక దాని గర్వానికి పట్టపగ్గాలు లేవు.

ఏదుపంది మాత్రం పొదపొదకూ తిరిగి అందరినీ అడిగింది. విన్నదంతా ముల్లుతో బండ మీద గీసింది. ఆ తర్వాతే కుందేళ్లనూ దుప్పులనూ కూడగట్టుకుని, వాగు ఎగువన వెదురు దగ్గరగా అల్లి వంతెన వేసింది. వాన మొదలయ్యే నాటికి గానీ పని పూర్తి కాలేదు.

వాగు పొంగింది. అందరూ వెదురు వంతెన మీద దాటుతూ, "ఇటు రా కరియమ్మా!" అని పిలిచారు.

"నా వంతెనకేం తక్కువ?" అంటూ అది తన దారినే పోయింది.

నడిమధ్యలో వరద తాకిడికి ఒక దుంగ ఊగింది. దాన్ని అదిమిపట్టడానికి కరియమ్మ కూనను కిందికి దించింది. "నడువు నాన్నా, అదిగో గట్టు," అంది. కూన అడుగు వేసింది. ఆ చిన్ని కాలు అవతలి దుంగకు అందలేదు. తల్లి కళ్లముందే నీళ్లలో పడి కొట్టుకుపోయింది. ఎంత వెతికినా దొరకలేదు.

వాన వెలిశాక కరియమ్మ ఏడ్చి ఏడ్చి ఏదుపంది దగ్గరికి వచ్చింది. "తాతా, ఆ బండ మీద నా బిడ్డ అడుగు కూడా రాశావా?"

"రాశాను తల్లీ. ఒకరోజు నువ్వు నిద్రపోతుంటే ఆడుకుంటూ వచ్చాడు. 'మా అమ్మ మోస్తుందిగా, నా అడుగెందుకు తాతా?' అన్నాడు. అయినా నడిపించి కొలిచాను."

కరియమ్మ ఆ బండ పక్కనే కూలబడిపోయింది.

నీతి: వంతెన కట్టినా, కంప్యూటర్‌కు ప్రోగ్రాం రాసినా, ఎవరికి ఏం కావాలో ముందు అడిగి రాసుకోవాలి. కట్టే సత్తా ఒక్కటే ఉంటే చాలదు.