బాటకు అడ్డంగా ముళ్లకంప

కుమ్మరిపాలెం బాట బురదమయమైంది. రాళ్లు పరిపించమని గవరయ్య వేడుకుంటే, "అది మీ సొంత బాట. దివాణానికేం సంబంధం?" అని కసిరాడు అమల్దారు. ఆ వానల్లోనే గవరయ్య భార్యను వైద్యుడి దగ్గరికి తీసుకెళుతున్న బండి అక్కడే దిగబడింది. ఆమె బండిలోనే కన్నుమూసింది.

మరుసటి ఏడు అమల్దారు రాజుగారిని అడ్డదారని ఆ బాటనే వేటకు తీసుకొచ్చాడు. బాటకు అడ్డంగా ముళ్లకంప! పక్కనే గవరయ్య.

"తియ్యరా!" అని గద్దించాడు అమల్దారు.

"మా సొంత బాటని తమరే సెలవిచ్చారు బాబూ. చుట్టూ తిరిగి వెళ్లండి. దివాణానిదైతే చెప్పండి, ఇప్పుడే తీస్తాను."

రాజుగారు అమల్దారు వంక చూశారు. "దివాణానిదే, తియ్యి," అన్నాడు అమల్దారు. వారంలో రాళ్లు పడ్డాయి.

"భలే తెలివి గవరయ్యా!" అన్నారందరూ.

"ఏం తెలివిలే, మా ఇంటిది పోయాక తోచింది," అన్నాడు గవరయ్య. "ఆ కంప నిరుడూ మా దొడ్లోనే ఉంది."