తప్పుగా పాడిన మేలుకొలుపు

ఒకానొక కాలంలో కుందవరం రాజ్యాన్ని రణభైరవుడనే రాజు ఏలేవాడు. యుద్ధంలో ధీరుడే. కానీ తన ధీరత్వాన్ని ఎవరైనా పొగుడుతుంటే వినడం ఆయనకు అంతకన్నా ప్రీతి.

ఆ రాజుగారికి మేలుకొలుపు పాడే కొలువు ఓబన్నకు దొరికింది. అంతవరకూ ఊరూరా తిరిగి పాడుకుని బతికినవాడికి కోటలో కాపురం, తలకు జరీ పాగా. సంతోషం పట్టలేకపోయాడు. మొదటి రెండు నెలలూ రాజుగారు సరిహద్దు అడవుల్లో వేటలో ఉన్నా, రోజూ ఖాళీ పడకగది ముందు నిలబడి గొంతెత్తి పాడాడు. వంటశాల వాళ్లు ఆ పాట విన్నాకే పొయ్యి రాజేసేవారు.

రాజు తిరిగొచ్చాక దివాను ఓబన్నను పిలిచి కొలువు నియమం చెప్పాడు. పొద్దు పొడిచేలోగా రాజుగారు లేవాలి. అయితే ఆయన నిద్రను ఎవరూ చెడగొట్టకూడదు. ఇంతకుముందున్నవాడు డప్పు కొట్టి లేపితే, నిద్ర చెడగొట్టాడని వెళ్లగొట్టారు. వాడికి ముందువాడు మెల్లగా పాడితే, పొద్దెక్కేదాకా పడుకోనిచ్చాడని వెళ్లగొట్టారు.

అది విన్నా ఓబన్న ఉత్సాహం తగ్గలేదు. మర్నాడు రాజుగారు గెలిచిన ఏటిగడ్డ యుద్ధాన్ని భూపాల రాగంలో కమ్మగా పాడాడు. రాజు నిద్రలోనే చిరునవ్వు నవ్వి, అటు తిరిగి పడుకున్నాడు. లేచేసరికి ఎండ మంచమెక్కింది. రేపు కూడా ఇలాగే అయితే పాగా ఇక్కడ పెట్టి వెళ్లిపొమ్మన్నాడు.

ఆ పూట సభలో ఒక కవి అదే యుద్ధాన్ని వర్ణిస్తూ రాజుగారి గుర్రం నల్లదన్నాడు. రాజు సింహాసనం దిగి వచ్చి మరీ, అది తెల్లదని దిద్దాడు. వెనక వరసలో ఉన్న ఓబన్న కళ్లు మెరిశాయి. ఇంటికెళ్లి కొత్త చరణం కట్టుకుంటూ తనలో తానే నవ్వుకున్నాడు. ఇక మూటలు సర్దనా అని భార్య గంగసాని దిగులుగా అడిగితే, అక్కర్లేదన్నాడు.

మర్నాడు తూరుపు తెల్లబడుతుండగా తంబుర మీటి, అదే రాగం అంతే కమ్మగా ఎత్తుకున్నాడు. ఏటిగడ్డ యుద్ధంలో పొరుగురాజు మల్లదేవుడు గెలిచాడని, మా రణభైరవుడు గుర్రం దిగి పరుగెత్తి రెల్లుపొదల్లో దాక్కున్నాడని పాడాడు.

పడకగది తలుపు ధడాలున తెరుచుకుంది. జారిపోతున్న పంచె ఒక చేత్తో పట్టుకుని రాజు బయటికొచ్చాడు.

"దాక్కున్నది మల్లదేవుడురా. వాణ్ణి జుట్టు పట్టి బయటికి లాగింది నేను."

"చిత్తం ప్రభూ, దిద్దుకుంటాను," అన్నాడు ఓబన్న.

"నా నిద్ర చెడగొట్టావు. నిన్నేం చేయాలి?"

ఓబన్న మాట తొణకలేదు. "నేను కేక వేయలేదు, డప్పు ముట్టలేదు. లేవమని ఒక్క మాటైనా అనలేదు. పరువుకు మచ్చ పడుతుంటే తమ పౌరుషమే తమని లేపింది. శిక్ష వేయాలంటే దానికే వేయాలి ప్రభూ."

రాజు తూరుపుకేసి చూశాడు. పొద్దింకా పొడవలేదు. ఆయన మీసాలు ముందు అదిరాయి, ఆపైన కడుపు పట్టుకుని పగలబడి నవ్వాడు. మెడలోని ముత్యాల హారం తీసి ఓబన్న మెడలో వేసి, బతికినన్నాళ్లూ ఈ కొలువు నీదేనన్నాడు.

లోపలికి వెళ్లబోతూ ఆగి, మరి రేపేం పాడతావని అడిగాడు.

"అది ఇప్పుడే చెబితే, రేపు తమరు లేవరు కదా ప్రభూ," అన్నాడు ఓబన్న.