నక్క వాకిటి తొట్టి

ఏటి ఒడ్డున జంతువుల బస్తీ ఒకటి ఉండేది. బస్తీ మురుగంతా ముందు ఒక గుంటలో చేరి, చెత్త అడుగుకు దిగాక రెండో గుంటలోకి పారేది. అక్కడ బూడిదయ్య అనే ముసలి ఎద్దు గానుగ తిప్పినట్టు చక్రం తిప్పుతుంటే నీటికి గాలి తగిలేది. ఆ గాలితో బతికే కంటికి కనిపించని పురుగులు మురికిని తినేవి. ఆ తరువాతే నీరు ఏటిలో కలిసేది.

పదకొండేళ్లుగా బూడిదయ్య పని అదే. మెడ కాయ కాచింది. ఆ సంగతి ఎవరితోనూ అనలేదు.

చక్రం మీద పెత్తనం నక్కది. ఒకనాడు అది వచ్చి, "మామా, ఈ కాడి దించు. నా కొత్త ఇంటికి రాళ్లు మోయాలి," అంది.

"చక్రం ఆగితే పురుగులు చస్తాయి."

"చావనీ. కనిపించని వాటికి కర్మ చేసేదెవరు?"

"మరి నీరు?"

"పల్లమెరుగును. నీకెందుకు?"

చక్రం ఆగింది. మూడోనాటికి గుంట నల్లబడి కుళ్లుకంపు కొట్టింది. ఆ నీరే ఏటిలోకి పోయింది.

దిగువ రేవు నుంచి బాతు వచ్చింది. "అన్నా, తొమ్మిది పిల్లల్లో నాలుగు పోయాయి. మిగిలినవి మెడలు వాల్చేస్తున్నాయి. నువ్వైనా నోరు విప్పవా?"

బూడిదయ్య నెమరు ఆపాడు. "సోమవారం తనిఖీకి కొంగ వస్తుంది. అందాకా పిల్లల్ని ఎగువకు తీసుకుపో."

"ఎగువైనా మరొకరికి దిగువే కదా అన్నా!"



కొంగ కచ్చితమైనదే. కానీ రెక్కలు మాస్తాయని గుంట దగ్గరకు పోదు; తెచ్చిచ్చిన సీసానే చూస్తుంది. నక్క కొండ ఊట దగ్గర సీసా నింపి తెచ్చింది.

కొంగ ముక్కు ముంచింది. "అమృతం! తాగడానికి యోగ్యమని రాస్తున్నాను."

"అంతా తమ దయ. నాకు వేరే ధ్యాసే లేదు," అంది నక్క.

"బూడిదయ్యగారూ, తమరేమైనా చెబుతారా?"

నక్క మోసాల సంగతి ఇదివరకు రెండుసార్లు కొంగకు చెప్పాడు. సీసా ఎదుట ఆ మాట నిలవలేదు.

"చెప్పేదేముందండీ. తాగే నీరని తమరే అన్నారు. దాన్ని ఏటిపాలు చేయడం దేనికి? నక్కగారి కొత్త వాకిట్లో తొట్టి ఖాళీగా ఉంది. కాలువ అటు తిప్పితే ఇంటిల్లిపాదీ తాగుతారు."

"సబబుగా ఉంది. ఇప్పుడే తిప్పండి. మొదటి గుక్క నా ఎదుటే తాగాలి."

కాలువ తిప్పారు. నల్లని నీటితో తొట్టి నిండింది. నక్క మూతిని నీటి దగ్గరకు పోనిచ్చి వెనక్కి తీసుకుంది.

"అయ్యా... సీసాలోది ఊట నీరు," అని గొణిగింది.

కొంగ రాసినది కొట్టేసింది. "కాలువ ఇలాగే ఉండనివ్వండి. ఈ తొట్టి నీరు నక్క తాగగలిగిన రోజున ఏటికి మళ్లించండి."

మర్నాటి నుంచి కాడికి రెండోవైపు నక్క మెడ కనిపించింది.

"మామా, కాస్త ఆగుదామా?"

"తొట్టి చూసి చెప్పు," అన్నాడు బూడిదయ్య.

వానాకాలం దాటాక బాతు దిగువకు తిరిగి వచ్చింది. వెంట అయిదు పిల్లలే ఉన్నాయి. బూడిదయ్య వాటిని లెక్కపెట్టి, తల వంచుకొని మళ్లీ చక్రం తిప్పాడు.

నీతి: తాను తాగలేని నీటిని పల్లానికి వదలరాదు.