రెండు సగాల కవచం

ఫోనులో కత్తియుద్ధాల ఆటలాడేవాళ్ళు కవచం లెవెలు పెరిగినకొద్దీ తమకిక చావే లేదని మురిసిపోతుంటారు. ఆ పిచ్చి ఇవాళ్టిది కాదు. గొబ్బూరు సంస్థానాన్ని ఏలిన విజయగోపాల భూపతిగారికి ఫోను లేకుండానే పట్టుకుంది.

ఒకరోజు పొద్దున్న ఆయన కొలువులో కూర్చుంటూనే, "ఈటె దిగని కవచం కావాలి. నా సైన్యంలో ఒక్కడికి కూడా గాయం కాకూడదు," అన్నారు.

ఆ మాట కోసమే కాచుకుని కూర్చున్నట్టు దళవాయి ఎర్రమనాయుడు లేచి నిలబడ్డాడు. సైన్యమంతా ఆయన చేతికింద ఉండేది. తెలివంతా తన తలపాగా కిందే ఉందని ఆయన నమ్మకం.

"సిద్ధంగా ఉంది ప్రభూ. నిన్న అరటిబోదె మీద పరీక్షించాను. ఉత్త బోదెలోకి ఈటె జానెడు దిగింది. ఒక రేకు కవచం తొడిగితే అందులో సగమే దిగింది. ఇది మొదటి మెట్టు. దానిమీద ఇంకో రేకు బిగించి రెండో మెట్టు కవచం చేయించాను, ఇదిగో."

"అయితే?"

"మొదటి రేకు సగం ఆపుతుంది. రెండో రేకు ఇంకో సగం ఆపుతుంది. రెండు సగాలూ కలిస్తే మొత్తం. ఇక ఒంటికి తగిలేది సున్నా."

రాజుగారు పొంగిపోయారు. సభ అంతా భళా అంది. ఒక్కరు మాత్రం కిసుక్కున నవ్వారు.

ఆ నవ్వింది పేరిశాస్త్రి. రాజుగారికి పొద్దుపోనప్పుడు కబుర్లు చెప్పడం ఆయన ఉద్యోగం. ఎంతటి కష్టాన్నయినా మాటతో దాటేస్తాడు గాని, నవ్వు ఆపుకోవడం మాత్రం ఆయనకు చేతకాదు.

"ఏమయ్యా శాస్త్రీ, ఎందుకా నవ్వు?" అన్నాడు దళవాయి.

"ఏం లేదండీ. రెండో మెట్టు కవచాన్ని కూడా అరటిబోదెకి తొడిగి చూశారా అని."

"బోదె నిలబడితే గొప్పేముంది? మనిషి నిలబడాలి. ప్రభూ, నవ్విన ఈ పెద్దమనిషినే నిలబెట్టండి."

రాజుగారికి ఈ మాట తెగ నచ్చేసింది. "బాగుంది. శాస్త్రీ, మధ్యాహ్నం భోజనం కాగానే కవచం తొడుక్కో. మన మల్లప్ప ఈటె విసురుతాడు."

మల్లప్ప ఈటె విసిరితే అడవిపంది అడుగు కూడా కదలకుండా అక్కడే కూలిపోయేది. పేరిశాస్త్రి గబగబా ముందుకొచ్చాడు. లెక్క తప్పని చెప్పబోయాడు. "భయపడేవాడికి ప్రతి లెక్కా తప్పుగానే కనిపిస్తుంది," అని దళవాయి నోరు మూయించాడు. రాజుగారు కూడా పకపకా నవ్వారు. పాపం, శాస్త్రిని నమ్మేవాళ్ళే లేకపోయారు.

కాసేపు ఆలోచించి శాస్త్రి చేతులు కట్టుకున్నాడు.

"చిత్తం ప్రభూ. ఈటె ముందు నిలబడబోయేవాణ్ణి, ఒక్క కోరిక తీర్చండి. పదహారు బొబ్బట్లు, నెయ్యి ధారాళంగా. ఇక్కడే మీ ఎదుట, దళవాయిగారితో కలిసి తింటాను. నా వంతు నేను ముందు తీసుకుంటాను, మిగిలినవి ఆయనవి."

బొబ్బట్ల మాట వినగానే దళవాయి ముఖం మెత్తబడింది. పొద్దుటినుంచీ కవచాల హడావుడిలో ఆయన పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదు. వెంటనే సరేనన్నాడు.

విస్తరిలో పదహారు బొబ్బట్లు వచ్చాయి. ఏలకుల వాసన సభంతా కమ్ముకుంది.

శాస్త్రి ఎనిమిది తీసి తన ఆకులో వేసుకున్నాడు. "ఇది మొదటి సగం."

"కానీ," అన్నాడు దళవాయి ఉదారంగా.

శాస్త్రి ఇంకో నాలుగు తీసుకున్నాడు. "ఇది రెండో సగం."

దళవాయి కళ్ళు చిట్లించాడు. శాస్త్రి తాపీగా విస్తరిని ఎత్తి వడ్డించేవాడి చేతికి అందించాడు.

"తీసుకుపోవయ్యా. ఇక ఇందులో ఏమీ లేవు. దళవాయిగారికి సున్నా."

"ఆగు, ఆగు," అని దళవాయి విస్తరి అంచు పట్టుకున్నాడు. "లేకపోవడమేమిటి? ఇంకా నాలుగున్నాయి."

"ఎలా ఉంటాయండీ? మొదట సగం తీశాను. తర్వాత ఇంకో సగం తీశాను. రెండు సగాలూ కలిస్తే మొత్తమే కదా?"

"నీ మొహం. రెండోసారి నువ్వు తీసింది మిగిలిన ఎనిమిదిలో సగం. పదహారులో సగం కాదు. ఈమాత్రం తెలియదూ? ఇలా తే నా నాలుగూ."

శాస్త్రి రాజుగారి వైపు తిరిగి దణ్ణం పెట్టాడు.

"ఆ నాలుగే ప్రభూ, మధ్యాహ్నం ఈటె మొనగా నా డొక్కలో దిగబోయేవి."

రాజుగారు విస్తరి చూశారు, కవచం చూశారు, మళ్ళీ విస్తరి చూశారు.

"ఇంకో రేకు వేస్తే?" అని నెమ్మదిగా అడిగారు.

"రెండు దిగుతాయి ప్రభూ. నాలుగో రేకు వేస్తే ఒకటి దిగుతుంది. రేకు వేసినప్పుడల్లా బరువు మాత్రం అంతే పెరుగుతుంది, ఆపేది సగానికి సగం తగ్గిపోతుంది. పదో రేకు వేశాక ఈటె కూడా అక్కర్లేదు. శత్రువు వెనకనుంచి చిటికెనవేలితో తోస్తే చాలు, నన్ను లేవదీయడానికి మీరు ఏనుగును పంపాలి."

రాజుగారి పెదవులు అదిరాయి. అయినా నవ్వు బిగబట్టుకుని దళవాయి వైపు తిరిగారు.

"దళవాయీ, ఒక్క మాట తేల్చు. విస్తరిలో బొబ్బట్లు ఉన్నాయా, లేవా? లేవంటావా, నీ లెక్క నెగ్గినట్టే. విస్తరి వెళ్ళిపోతుంది, ఆ కవచం నువ్వే తొడుక్కుని మల్లప్ప ముందు నిలబడు. ఉన్నాయంటావా, నీ లెక్క తప్పు. కూర్చుని తిను."

దళవాయి మల్లప్పను చూశాడు. కొలువు వాకిట్లో మల్లప్ప నిర్వికారంగా ఈటె మొనను గుడ్డతో తుడుస్తున్నాడు. దళవాయి విస్తరిని చూశాడు. నెయ్యి ఇంకా వెచ్చగా మెరుస్తోంది.

"ఉన్నాయి ప్రభూ," అన్నాడు సన్నగా. "నాలుగూ ఉన్నాయి."

అని ఒకటి నోట్లో పెట్టుకున్నాడు. రాజుగారు ఇక ఆగలేకపోయారు. కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వి, తన భుజంమీది పట్టుశాలువా తీసి పేరిశాస్త్రికి కప్పారు.