బీరమొలక నెత్తిమీద నల్లపెంకు

ఒకప్పుడు విత్తనాలు మొలకెత్తేటప్పుడు తమ పైపెంకును మట్టిలోనే వదిలేసి వచ్చేవి. ఒక కాడ, వట్టి రెండాకులు, అంతే! ఆనప మొలకా అలాగే ఉండేది, గుమ్మడి మొలకా అలాగే ఉండేది, వానకు తనంతట తాను లేచే పిచ్చితీగ మొలకా అలాగే ఉండేది. ఏది ఎవరి పిల్లో పోల్చుకోవడం ఎవరి తరమూ కాదు.

ఆ రోజుల్లో ఏటి ఒడ్డున పైడమ్మ అనే ముసలమ్మ కూరపాదులు పెట్టుకుని బతికేది. ముందటేడు ఆమె బీరపాదులో ఒక పిచ్చితీగ కలిసిపోయి పాకింది. దాని కాయ అచ్చం లేతబీరలాగే ఉంది. పైడమ్మ కోసి వండింది. ఆ కూర తిన్న మనవలు ముగ్గురూ రెండు రోజులు కడుపు పట్టుకుని దొర్లారు. వాళ్ళు లేచి తిరిగేదాకా పైడమ్మకు ముద్ద దిగలేదు.

"ఇకమీదట పుట్టుక తెలియని మొక్కను నా పాదులో ఉండనివ్వను" అని ఒట్టు పెట్టుకుంది.

ఈ ఏడు ఇంకో కష్టం వచ్చింది. బూడిదలో దాచిన బీరగింజల్ని ఎలుకలు తినేశాయి. ఒక్కటంటే ఒక్కటే మిగిలింది. చుట్టుపక్కల ఇంకెవరి దగ్గరా బీరవిత్తు లేదు.

"నువ్వు కూడా పోయావంటే ఇక బీరకాయన్న మాటే ఉండదే తల్లీ! చల్లగా మొలువు" అని పైడమ్మ దాన్ని పాదులో పెట్టి మట్టి కప్పింది.

బీరగింజ పెంకు గట్టిది. అంత తొందరగా పగలదు. ఈలోగా పక్కన ఆనపా గుమ్మడీ పైకి లేచాయి. వాటితోపాటు బోలెడు పిచ్చితీగలు లేచాయి. మట్టి కింద నుంచి బీరపిల్ల అన్నీ వింటూనే ఉంది.

"ఎవరి పిల్లవే నువ్వు?" పైడమ్మ గొంతు అది.

"నేను ఆనపను!"

"కాదు, ఆనపను నేను!"

"గుమ్మడిని నేను!"

"అది అబద్ధం! నేనే గుమ్మడిని!"

అన్నీ ఒకటే అరుపులు. పైడమ్మ తల పట్టుకుంది. "ఓలమ్మ! ఇందులో ఏది నాదో, ఏది కాదో ఏటి తెలుస్తుంది? మనవల కడుపుమీదికి మళ్ళీ తెచ్చుకోలేను" అంటూ అన్నింటినీ పీకేసింది. ఆనప గింజలూ గుమ్మడి గింజలూ ఇంట్లో ఇంకా ఉన్నాయి. మళ్ళీ పెట్టింది.

కింద బీరపిల్ల తన పెంకులోకి ముడుచుకుంది.

"పెంకమ్మా! నేను పైకి వెళ్ళను. నన్నూ పీకేస్తుంది."

పెంకు బుజ్జగించింది. "వెళ్ళకపోతే ఇక్కడే కుళ్ళిపోతావు తల్లీ. నీ పుట్టుకేమిటో చెప్పు, వదిలేస్తుంది."

"పుట్టుక అంటే?"

"నువ్వు దేనిలోంచి వచ్చావో, అది నీ పుట్టుక. నువ్వు బీరకాయలోంచి వచ్చావు. అదే చెప్పు."

"ఆనప చెప్పలేదా? ఎవరు నమ్మారు?"

బీరపిల్ల కాసేపు ఆలోచించింది. తర్వాత పెంకును గట్టిగా పట్టుకుంది.

"నువ్వూ నాతో రా, పెంకమ్మా! నీ ఒంటి నలుపు మా అమ్మ ఇచ్చిందేగా? నిన్ను చూస్తే నేను వేరే చెప్పక్కర్లేదు."

పెంకు సిగ్గుపడింది. "పగిలిపోయినదాన్ని, నేనెందుకు వెలుగులోకి? మా వాళ్ళెవరూ ఇంతవరకూ మట్టి దాటలేదు. నవ్వుతారే!"

"నవ్వితే నవ్వనీ. నువ్వు లేకుండా నేను కదలను."

పెంకు మనసు కరిగింది. పిల్ల తలను రెండు చెక్కలతో గట్టిగా అదుముకుంది. "పద మరి!"

కానీ అంత బరువుతో పైకి రావడం మాటలా! తల పెడితే పెంకు మట్టికి తగులుకుని ఊడిపోబోయింది. బీరపిల్ల తల కిందికి దించి, మెడ వంచి, ఆ మెడతోనే మట్టిని తోసింది. పక్కన పోతున్న వానపాము చూసింది.

"ఆగవే పిల్లా, మెడ విరుగుతుంది! కాస్త గుల్ల చేసి పెడతాను" అని చుట్టూ తిరిగి మట్టి వదులు చేసింది.

తెల్లవారేసరికి ముందు మెడ బయటపడింది. ఆ వెనక నెమ్మదిగా తల లేచింది. తలమీద నల్లటి పెంకు!

చుట్టూ కొత్తగా లేచిన పిచ్చితీగలు పకపకా నవ్వాయి. "చిప్ప నెత్తిన పెట్టుకొచ్చింది చూడండర్రా!"

అంతలో పైడమ్మ వచ్చింది. ఒక్కొక్కదాన్నే పీకుతూ బీరపిల్ల దగ్గరికి చేరింది. రెండు వేళ్ళతో కాడ పట్టుకుంది. బీరపిల్ల కళ్ళు మూసుకుంది.

వేళ్ళు ఆగిపోయాయి.

"నల్లపెంకు... గరుగ్గా... ఓసి నా బీరమ్మా! నువ్వేనటే!"

పైడమ్మ ఆ బురదలోనే చతికిలబడి నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కళ్ళు తుడుచుకుంది. మనవల్ని కేకేసింది. వాళ్ళు పరుగున వచ్చి పాదు చుట్టూ కూర్చుని, ఆ పెంకునీ మొలకనీ ముద్దుగా చూశారు. ఒకడు పుడిసిట్లో నీళ్ళు తెచ్చి పోశాడు. బీరపిల్ల అప్పుడు గుండెల నిండా గాలి పీల్చుకుంది. మొదటిసారి!

పైడమ్మ మిగిలిన పిచ్చితీగల్ని కూడా పారెయ్యలేదు. వేళ్ళతో సహా తీసి, ఏటి అవతల గట్టున నాటి వచ్చింది. "మీరక్కడ హాయిగా పాకండి. ఎవరూ వండుకోరు" అంది.

పెంకు మూడు రోజులు పిల్ల తలమీదే కూర్చుని ఆకాశం, ఏరు, ఎండ అన్నీ కళ్ళారా చూసింది. మూడో రోజు ఆకులు విచ్చుకోబోతుంటే, "ఇక నిన్నందరూ ఎరుగుదురు తల్లీ! నాకు బెంగ లేదు" అని మెల్లగా జారి, పిల్ల పాదాల దగ్గర మట్టిమీద వాలింది.

ఈ సంగతి వానపాము పాదు పాదుకీ మోసింది. విన్న ఆనపగింజ తన పెంకును అడిగింది. గుమ్మడిగింజా అడిగింది. చిక్కుడుగింజ తన పొట్టును బతిమాలింది. అన్నీ సరేనన్నాయి.

అప్పటినుంచే పాదుల్లో మొలకలు మెడ వంచుకుని మట్టిని తోసుకొస్తాయి. వచ్చేటప్పుడు తమ పుట్టింటి పెంకును నెత్తిన పెట్టుకొస్తాయి.