ఖాళీ పల్లకీకి ఎదురెళ్ళిన ఊరు

అనగా అనగా ఒక కోట, ఆ కోటలో ఓ చిన్న ఊరు. పేరు గాలిదిన్నె. ఊ కొట్టండర్రా, లేకపోతే నేనూ పడుకుంటా. ఊరి ముందు చూపు ఎంత దూరం పోతే అంత దూరం బీడు. చెట్టూ లేదు, చేమా లేదు. మోకాలెత్తు గడ్డి, పల్లేరు కాయలు, ఎప్పుడూ ఈలేసే గాలి. చలికాలం మంచు దిగితే బండి తోలేవాడికి తన ఎద్దు కొమ్ములే కనబడవు. మా అమ్మ పుట్టిల్లు అలాంటి బీడు పక్కనే. ఆ గడ్డి వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. తలుచుకుంటే ఏడుపొస్తుంది.

సరే, బీడు దాటితే వాగు, వాగు దాటితే దిబ్బ, దిబ్బెక్కితే కోట, కోటలో ఊరు, ఊళ్ళో సంత. అంత దూరం నడిచొచ్చిన మనిషికి ఆ ఊళ్ళో ఒక మర్యాద ఉంది. కాళ్ళకు నీళ్ళివ్వాలి, కడుపుకు ముద్ద పెట్టాలి. అప్పటిదాకా నీ పేరేంటి, నీదే ఊరు అని అడగకూడదు. ఆకలిమీదున్నవాణ్ణి పేరడిగితే ముద్దకు వెల కట్టినట్టేనట. మా అమ్మమ్మ వాళ్ళూ అంతే. ఇప్పుడు మనమో? తలుపు సందులోంచే "ఎవరూ?" అంటాం. నాకు నచ్చదమ్మా ఇది.

కోట వాకిట్లో నీళ్ళిచ్చే పని సుంకులమ్మది. కొత్త కోడలు. అత్త మంచాన పడితే ఆ పని ఈ పిల్లకొచ్చింది.

ఓసారి రాజుగారొస్తున్నారని కబురొచ్చింది. ఇంత బీడు దాటి ఎవరొస్తారు, సంతను కిందూరికి మార్చేద్దామా అని కళ్ళారా చూసి తేలుస్తారట. ఊరికి గుండె జారిపోయింది. సంత పోతే బేరం పోతుంది, బేరం పోతే బండి రాదు, బండి రాకపోతే మనిషి రాడు, మనిషి రాకపోతే ఇక ఊరెక్కడిది?

పెత్తందారు నరసప్ప తోరణాలు కట్టించాడు, డప్పులు తెప్పించాడు. బురదకాళ్ళవాళ్ళు కనబడితే రాజుగారి దగ్గర ఊరి పరువు పోతుందని, ఆ పూట కొత్త మనిషిని గడప తొక్కనివ్వొద్దన్నాడు. సుంకులమ్మను వాకిట్లోంచి లేపి వెనకున్న చిన్న దిడ్డితలుపు దగ్గర కూర్చోబెట్టాడు. ఎవర్నయినా రానిచ్చావో, రేపట్నుంచి మీ ఇంటికి ఈ పని లేదన్నాడు.

ఊ కొడుతున్నారా? అక్కడ బీడులో ఏమైందంటే... నవ్వకండి... రాజుగారికి ఒంటికొచ్చింది. రాజైతే మాత్రం రాదా? పల్లకీ దింపించి మంచులోకి వెళ్ళాడు. ఇక్కడ గాలికి తెర కదిలింది. ఎక్కేశారనుకుని బోయీలు పల్లకీ ఎత్తేశారు. బరువు తెలియదా అంటావు, అంతేగా తేజూ? తెలిసింది. రాజుగారు తమ మీద దయతలిచి ఊపిరి బిగబట్టి కూర్చున్నారనుకున్నారు!

ఖాళీ పల్లకీ ఊరు చేరింది. డప్పులు ఢమఢమ, సన్నాయి పీపీపీ, పల్లకీకి హారతి, పల్లకీకి దండ. తెర తీసే ధైర్యం ఎవరికుంది? నరసప్ప పొగడ్తలు మొదలెట్టాడు. లోపల్నుంచి ఉలుకూ పలుకూ లేదు. రాజుగారికి కోపమొచ్చిందని ఇంకా గట్టిగా పొగిడాడు.

అప్పుడొచ్చాడు రాజు, కాలినడకన. తలపాగా లేదు, పంచె నిండా పల్లేరు కాయలు. నేనే రాజునన్నాడు. రాజుగారు పల్లకీలో ఉన్నారు, నువ్వు పోవయ్యా అని వాకిట్లోవాళ్ళు కర్ర చూపించారు. రాజుకు ఒళ్ళు మండిపోయింది. ఈ పొద్దే సంత ఎత్తేయకపోతే నా పేరు మార్చుకుంటా అనుకుని, లోపలికి ఇంకో దారి వెతుక్కుంటూ దిడ్డితలుపు దగ్గరికొచ్చాడు.

సుంకులమ్మ చూసింది. ఇటు నరసప్ప మాట, అటు వణికిపోతున్న మనిషి. పోతే పోయిందిలే పని అని తలుపు తీసింది.

నేనెవరో తెలుసా అన్నాడు రాజు. ముందు కాళ్ళు కడుక్కో నాయనా అంది. కాళ్ళు కడుక్కుని, నేనెవరంటే అన్నాడు. ముందు కూర్చో నాయనా అంది. కూర్చుని, అసలు నేను అన్నాడు. రాగిసంగటి ముద్ద పెట్టింది, ముందు తిను నాయనా అంది. సంగటి నమిలితే పళ్ళకంటుకుంది. నమలకూడదు, పులుసులో ముంచి మింగాలని నేర్పింది. మింగాడు. ఇంకోటి మింగాడు. మూడోది అడిగి పెట్టించుకున్నాడు.

చెయ్యి కడుక్కున్నాక అప్పుడడిగింది, ఇప్పుడు చెప్పు నాయనా, నీ పేరేంటని.

పుట్టి బుద్ధెరిగాక రాజుకు అన్నీ తన పేరుకే వచ్చాయి, ఈ ముద్దొక్కటే ఆకలికొచ్చింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మా అమ్మ నన్ను బుడ్డోడా అనేది," అన్నాడు.

"మంచి పేరే. మళ్ళీ ఎప్పుడొచ్చినా ఈ తలుపు కొట్టు బుడ్డయ్యా," అంది సుంకులమ్మ.

రాజు పల్లకీ దగ్గరికెళ్ళాడు. ఊరంతా నేలకు నుదురానించి దణ్ణం పెడుతోంది, ఎవరూ చూడలేదు. చప్పుడు కాకుండా ఎక్కి, తెర వెనక నుంచి చెప్పాడు: "సంత ఇక్కడే ఉంటుంది. దిడ్డి దగ్గరున్న పిల్లను మాత్రం మళ్ళీ పెద్దవాకిట్లో కూర్చోబెట్టండి."

ఊరు గంతులేసింది. తన పొగడ్తలకే రాజుగారు కరిగారని నరసప్ప మీసం తిప్పాడు. కానీ ఆ దిడ్డి పిల్ల సంగతి రాజుగారికెలా తెలిసిందో అర్థంకాక బతికినన్నాళ్ళూ తల గోక్కున్నాడట. ఆ గొంతు దిడ్డిదాకా వినబడింది, అదెవరిదో సుంకులమ్మకు తెలుసు. ఎవరికీ చెప్పలేదు. చెప్తే మాత్రం నమ్ముతారా, రాజుగారి పేరు బుడ్డోడంటే!

అందుకే తల్లీ, వచ్చినవాళ్ళకు ముందు ఇంత పెట్టండి, ఎవరో ఏమిటో తర్వాత తీరిగ్గా అడగొచ్చు. కథేమో కంచి బండెక్కేసింది, ఇక మనం దుప్పట్లోకి దూరదాం.