నల్లబండ కింద చెయ్యి

అనగనగా, వాన దారి తప్పిన ఒక దేశం. కనుచూపు మేరా ఇసుకే. పగలు బల్లి కూడా నీడ విడిచి కదలదు. తెల్లవారుజామున మాత్రం పళ్ళు టకటకలాడే చలి. ఆ దేశానికి రాజధాని తప్తపురం, దాని రాజు చండధ్వజుడు.

అక్కడ కర్రబల్ల నెల తిరక్కుండానే నెర్రెలిచ్చేది. మట్టిగట్టు మీద వండితే ముద్దముద్దకీ ఇసుక తగిలేది. అందుకని ఉన్నవాళ్ళు వంటింటి గట్టుకి బండ పరిపించుకునేవారు. ఇప్పుడు మీ ఇళ్ళలో గ్రానైటు గ్రానైటు అని మురిసిపోతారే, ఆ రాయే. మీరైతే రంగు చూసి, నునుపు చూసి, పక్కింటివాళ్ళ గట్టు చూసి తెచ్చుకుంటారు. తప్తపురంలో అలా కుదరదు. అక్కడొక ఆచారం ఉండేది. దాని పేరు చేతిపూచీ.

గట్టుకి మూడు దిమ్మెలు కట్టేవారు. నడిమి దిమ్మెను మాత్రం నాలుగు వేళ్ళ ఎత్తు తగ్గించేవారు. పైన బండ పరిచాక, ఆ రాయిని ఎంచిన మనిషి వచ్చి, బండకీ ఆ దిమ్మెకీ నడుమ సందులో తన కుడిచెయ్యి పెట్టాలి. అప్పుడు బండ మీద మరిగే అంబలి కాగు దించుతారు. మూడు గరిటెలు వడ్డించేదాకా ఆ చెయ్యి కదలకూడదు. మొదటి గరిటె యజమానికి, రెండోది అతిథికి, మూడోది ఆకలిగొన్నవాడికి. ఆ తరవాత చెయ్యి తీస్తే, సందులో సున్నం మెత్తేస్తారు. బండ మంచిదైతే చెయ్యి భద్రం. కాకపోతే ఏమవుతుందంటారా? ఆగండి, వస్తోంది.

రాజుగారికి రాళ్ళు ఎంచే పని పోలన్నది. అది వాడి తాత నుంచీ వస్తున్న కొలువు. వాడికొక అక్క, సిద్ధమ్మ. మొగుడు పోయాక తమ్ముడి ఇంటనే ఉండేది. సుత్తితో కొట్టి, మోతను బట్టి రాయి మంచిచెడ్డలు పోల్చే విద్యను తండ్రి ఇద్దరికీ ఒకేలా నేర్పాడు. కానీ కొలువు కొడుక్కి వచ్చింది, కడవ కూతురికి వచ్చింది. సిద్ధమ్మ పొద్దున్నే కోసు దూరం నడిచి ఊరి బావి నుంచి నీళ్ళు మోసేది. ఆ తరవాత కోటలో సున్నం తొక్కే కూలికి పోయేది.

విడ్డూరం ఏమిటంటే, పోలన్న పెరటిగోడకి ఆనుకునే ఒక బావి ఉంది. ఏడు మూరల లోతున చల్లటి నీళ్ళు. కానీ అది రాజుగారి బావి. దానికి చెక్కమూత, మూతకి ఇనపగొలుసు, గొలుసుకి రాజముద్ర. వంగిన నడుముతో అక్క కడవ మోసుకొచ్చిన ప్రతిసారీ పోలన్న ఆ గొలుసు వైపు చూసేవాడు. వాడికి బంగారం మీద ఆశ లేదు. ఆ బావి ఒక్కటీ తమదైతే చాలనుకునేవాడు.

ఇలా ఉండగా, పొరుగు రాజు ఇంట విందుకి వెళ్ళిన చండధ్వజుడు అక్కడి వంటశాలలో నిగనిగలాడే గట్టు చూశాడు. అంతే, కడుపులో మంట మొదలైంది. తిరిగొచ్చీ రాగానే, "మనకూ కొత్త వంటశాల కట్టండి. ముఖం చూసుకునేట్టుండాలి గట్టు!" అన్నాడు. రాజుగారు తలచుకుంటే ఆలస్యమా? దిమ్మెలు లేచాయి. మూడు రాళ్ళు వచ్చాయి.

మొదటిది తెల్లటి చలువరాయి. పోలన్న దానిమీద చింతపండు పులుసు ఒక చుక్క వేశాడు. చిటికెలో తెల్లరాయి మీద మచ్చ పడింది.

"పులుసు పడితే తినేసే గట్టు మనకెందుకు ప్రభూ?" అన్నాడు పోలన్న. రాజు ఒప్పుకున్నాడు.

రెండోది తప్తపురం కొండదే, చుక్కల బూడిదరంగు రాయి. తరతరాలుగా ఎండలో పడి ఉంది. పోలన్న సుత్తితో మూడుచోట్ల కొట్టాడు. మూడుచోట్లా ఖంగుమంది.

"గాడిద రంగు! దీనికి మోత ఒకటే తక్కువైందా?" అని రాజు మూతి ముడిచాడు.

మూడోది నీలదత్తుడనే వర్తకుడు ఒంటెలబండి మీద తెచ్చిన నల్లబండ. దానిమీద తడిచాపలు కప్పి ఉన్నాయి. చాప తీయగానే సభంతా నోరు తెరిచింది. కాటుక నలుపు! రాజు వంగి చూసుకుంటే మీసంలో వెంట్రుకలు లెక్కపెట్టుకోవచ్చు.

పోలన్న సుత్తి ఎత్తాడు. ఈ చివర కొట్టాడు, ఖంగుమంది. ఆ చివర కొట్టాడు, ఖంగుమంది. నడుమ కొట్టాడు. దబ్బుమంది, పగిలిన కుండను తట్టినట్టు.

పోలన్న గుండె కూడా దబ్బుమంది. నడుమ పగులుంది. దాన్ని లక్కతో పూడ్చి పైన నున్నగా రుద్దారు. ఆ సంగతి వాడి చెవికి అద్దంలో చూసినంత స్పష్టంగా తెలిసిపోయింది.

"అదేం మోత?" అన్నాడు రాజు.

"కింద ఇసుక మెత్తగా ఉంది కదా మహారాజా, అందుకే!" అని నీలదత్తుడు నవ్వాడు.

రాజు పోలన్న భుజం మీద చెయ్యి వేశాడు. "పోలన్నా, ఈ రాయి మీద మాకు మనసైంది. మంచిదని చెప్పు. నీ పెరటి అవతల బావి ఉందే, అది నీకు ధారపోస్తాను."

పోలన్న సుత్తి దించాడు. కాదంటే రాజుకి కోపం వస్తుందన్న భయం ఒకవైపు, చల్లటి నీళ్ళు ఒకవైపు. లోపల లెక్క వేసుకున్నాడు. ఈ బండ ఏళ్ళ తరబడి నిలవనక్కర్లేదు. మూడు గరిటెల సేపు నిలిస్తే చాలు. ఆ తరవాత తన చెయ్యి తనది, బావి తనది. ఎప్పుడో పగిలితే వంటవాళ్ళు కాగు ఎత్తి పడేశారని చెప్పొచ్చు.

"మంచి రాయే ప్రభూ," అన్నాడు.

సున్నం గుంట దగ్గర ఆ మోత విన్న ఇంకో మనిషి ఉంది. సిద్ధమ్మ సున్నపు కాళ్ళతోనే పరుగెత్తుకొచ్చి తమ్ముణ్ణి పక్కకి లాగింది.

"ఒరే, నడుమ మోగలేదురా! నాకు వినబడింది, నీకు వినబడలేదూ?"

"నీకు చెముడొచ్చిందక్కా. పో, పని చూసుకో."

"అది రాయి కింద పెట్టే చెయ్యిరా, పాయసంలో పెట్టేది కాదు!"

పోలన్న మొహం తిప్పుకున్నాడు. సిద్ధమ్మ ఊరుకునే మనిషి కాదు. నేరుగా రాజు ముందుకే పోయింది. "మహారాజా, నీళ్ళు పోసి చూడండి. పగులుంటే పీలుస్తుంది," అని, ఆ రోజు తను తాగడానికి ఉంచుకున్న చెంబెడు నీళ్ళూ నల్లబండ మీద పోసింది. ఎడారిలో చెంబెడు నీళ్ళంటే మాటలా! నీళ్ళు బండ మీద ముత్యాల్లా నిలబడ్డాయి. ఒక్క చుక్కా ఇంకలేదు. ఎలా ఇంకుతుంది? ముందే ఆముదమూ మసీ పట్టించి ఉన్నాడు ఆ నీలదత్త మహానుభావుడు. సభంతా గొల్లున నవ్వింది.

"ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి!" అన్నాడు మంత్రి.

సిద్ధమ్మ ఎండిన పెదాలు తడుపుకుని మూడోసారి అడిగింది. "పోనీ, ఒక్క పగలు ఎండలో పెట్టండి మహారాజా. నిన్నటి నుంచీ మీ ముందు చూపించేదాకా ఈ బండ మీద తడిచాపలు తీయలేదు. మన కొండరాయి ఎన్నడైనా నీడ అడిగిందా? ఎండకు భయపడే రాయి పొయ్యి పక్కన ఎలా బతుకుతుంది?"

నవ్వులు ఆగాయి. రాజు పోలన్న వైపు చూశాడు. అప్పుడైనా ఒక్కమాట అంటే సరిపోయేది. 'అక్క చెప్పింది నిజం ప్రభూ' అని అంటే ఆ పూటతో పోయేది. పోలన్న కాలి బొటనవేలితో ఇసుక గీస్తూ నిలబడ్డాడు.

"రేపు సూర్యోదయానికే ముహూర్తం. ఆడదాని మాటకి ఆగుతుందా?" అన్నాడు రాజు. ఆ సాయంత్రమే పోలన్న దోసిట్లో నీళ్ళు ధారపోసి బావి ఇచ్చేశాడు. గొలుసు తెగింది. పోలన్న మొదటి చేద తోడి, అక్కకి చెంబు నింపి అందించాడు.

సిద్ధమ్మ తాగలేదు. "నువ్వు చెయ్యి పెట్టనంటే అప్పుడు తాగుతా," అని చెంబు గట్టున పెట్టి లోపలికి పోయింది.

తెల్లవారింది. బండ మంచుగడ్డలా చల్లగా ఉంది. పోలన్న మోకాళ్ళ మీద కూర్చుని, అరచెయ్యి పైకి తిప్పి, సందులో పెట్టాడు. ఎనిమిదిమంది కావడికర్రలతో కాగు మోసుకొచ్చి నల్లబండ నడిమధ్యన దించారు. అంబలి కుతకుతలాడుతోంది.

మొదటి గరిటె రాజుకి. బండ కదల్లేదు. పోలన్న ఊపిరి వదిలాడు.

రెండో గరిటె అతిథిగా వచ్చిన పొరుగు రాజుకి. అప్పుడే పోలన్న అరచేతిలో వేడిగా ఒక చుక్క పడింది. అంబలి ఒలికిందేమో అనుకున్నాడు. ఇంకో చుక్క పడింది. వేళ్ళు ముడిచి చూశాడు. బంకగా, ఎర్రగా ఉంది. లక్క!

వాడి ఒళ్ళంతా చల్లబడిపోయింది. గడప దగ్గర నుంచి సిద్ధమ్మ వాడి మొహం చూసింది. చూడగానే గ్రహించింది.

"తియ్యరా చెయ్యి! తమ్ముడూ, తియ్యరా!"

తీయొచ్చు. ఎవరూ కట్టెయ్యలేదు వాణ్ణి. కానీ తీస్తే అబద్ధమాడానని నలుగురిలో ఒప్పుకున్నట్టే. ఇంకెంత, ఒక్క గరిటె! పోలన్న కళ్ళు మూసుకున్నాడు.

ఆకలిగొన్న ముసలివాడు మూడో గరిటె కోసం మూకుడు చాపాడు.

బండ నడిమికి విరిగింది. రెండు చెక్కలూ, కాగూ, మరిగే అంబలీ, అన్నీ ఒక్కసారిగా నడిమి దిమ్మె మీదికి కూలాయి. పోలన్న కేక కోట బయట ఒంటెలకి కూడా వినబడింది. ఆ కేక గురించి ఇంతకంటే చెప్పను. పిల్లలు వింటున్నారు.

ఆ ఎనిమిదిమందే వచ్చి బండ ఎత్తారు. చెయ్యి మిగల్లేదు. వైద్యుడు మణికట్టు పైన కట్టు కట్టాడు. అందరూ విరిగిన అంచు వైపు వంగి చూశారు. లోపల రాయి నల్లగా లేదు. బూడిదరంగు, అదీ బోలుది. నలుపంతా పైపూత. పైన పటారం, లోన లొటారం!

"ఎక్కడ ఆ నీలదత్తుడు?" అని రాజు గర్జించాడు. ఎక్కడేమిటి? వాడి ఒంటెలు రాత్రికి రాత్రే దిన్నెలు దాటాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం?

రాజు కోపం పోలన్న మీదికి తిరిగింది. "మంచి రాయని నువ్వే కదా అన్నావు?"

పోలన్న అక్క ఒళ్ళో తల పెట్టుకుని ఉన్నాడు. పెదవులు తెల్లబడ్డాయి. "మోగలేదు ప్రభూ," అన్నాడు. "మొదటి దెబ్బకే తెలుసు. నడుమ మోగలేదు."

వాడు నిజం చెప్పాడు, కానీ మూడు గరిటెలు ఆలస్యంగా.

ఆ తరవాత రాజు బూడిదరంగు రాయినే తెప్పించాడు. పులుసు పోశారు, నీళ్ళు పోశారు, మూడు పగళ్ళు ఎండలో పెట్టారు. దానికి చీమ కుట్టినట్టు కూడా లేదు. చేతిపూచీ ఎవరు పడతారని అడిగితే ఒక్కడూ ముందుకు రాలేదు. సిద్ధమ్మ వచ్చింది. బండ కింద కుడిచెయ్యి పెట్టి, రాజు వైపు చూసింది.

"నా చెయ్యి ఇక్కడుంది మహారాజా. మీ చెయ్యి కూడా పెట్టండి. రాయి ఎంచినవాడు ఒక్కడే ఎందుకు పూచీ పడాలి? రాయి కోరినవాడూ పడాలి."

 చండధ్వజుడు నుదుటి చెమట తుడుచుకున్నాడు. ఉంగరాలు ఒక్కొక్కటే తీశాడు. తన చేతిని సిద్ధమ్మ చేతి పక్కన పెట్టాడు. మూడు గరిటెలూ పూర్తయ్యాయి. రెండు చేతులూ క్షేమంగా బయటికొచ్చాయి. కొలువు సిద్ధమ్మకి దక్కింది. ఆ రోజు నుంచీ తప్తపురంలో రాయి కోరినవాడి చెయ్యి కూడా బండ కింద పెట్టించేవారు. నునుపు గురించి అడిగేవాళ్ళు ఒక్కసారిగా తగ్గిపోయారట!

ఇక బావి సంగతి. ధారపోసింది తిరిగి తీసుకోకూడదు కదా, అది పోలన్నకే మిగిలింది. గొలుసు లేదు, ముద్ర లేదు. ఏడు మూరల కింద చల్లటి నీళ్ళు తళతళలాడుతూనే ఉన్నాయి. పోలన్న రోజూ గట్టు మీద కూర్చుని, ఎడమచేత్తో తాడు లాగేవాడు. చేద సగానికి వచ్చేది. తాడు పట్టి ఆపడానికి రెండో చెయ్యి ఉండేది కాదు. చేద జారి మళ్ళీ నీళ్ళలో పడేది.

పొద్దు వాలాక సిద్ధమ్మ కొలువు నుంచి వచ్చేది. "జరుగు తమ్ముడూ," అని తాడు అందుకుని తోడేది. వాడికి దోసిలి పట్టడం కూడా కుదరదు. అందుకని చెంబెత్తి నోట్లో పోసేది. పోలన్న తాగుతూ ఏడ్చేవాడు. ఆమె ఇంకో చెంబు నింపేది.

కాబట్టి పిల్లలూ, నోరు చెప్పాల్సిన నిజాన్ని నోరు మింగేస్తే, దాని బరువంతా చెయ్యే మొయ్యాల్సి వస్తుంది.